ఇండీ ఫోక్, పాప్, అమెరికానా కొత్త విడుదలలు వచ్చిన వారంలోనే పట్టుకోవడం ఎలా?

మీ ప్రశ్న ఇది కదా: స్పాటిఫైలో చాలాకాలంగా ఫోక్ (పాశ్చాత్య జానపదం), అమెరికానా (కంట్రీ, ఫోక్, బ్లూస్ లాంటివి కలిసిన సంగీతం) వింటున్నారు, అయినా అవే పదీ పదిహేను పేర్లు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఇండీ కళాకారుల, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగానో, చిన్న లేబుళ్ల (రికార్డు కంపెనీల) ద్వారానో ఆల్బంలు తెచ్చేవాళ్ల కొత్త పాటలు వచ్చిన వారంలోనే మీకు తెలియాలి.

ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, మీకు ఇప్పటికే తెలిసినవాళ్లు కొత్తది తెచ్చినప్పుడు తప్పిపోకుండా చూసుకోవడం. రెండు, ఇంతవరకు పేరే వినని మనిషిని కనుక్కోవడం. మొదటి పని యాప్ చేయగలదు. రెండోది కూడా యాప్‌కే అప్పజెప్పడం వల్ల మీకు అవే పేర్లు వస్తున్నాయి. మీలాంటి శ్రోతలు ఇప్పటికే బాగా విన్నదాన్నే అది మీ ముందు పెడుతుంది. నిన్నగాక మొన్న వచ్చి, కొద్దిమంది మాత్రమే విన్న ఆల్బం ఎవరికి నచ్చుతుందో చెప్పడానికి దాని దగ్గర తగినన్ని లెక్కలు ఉండవు. ఈ సంగీతంలో కొత్త పేరు మనుషుల ద్వారానే దొరుకుతుంది: ఎవరి ఆల్బంలో ఎవరు గిటార్ వాయించారు, ఏ స్టూడియోలో రికార్డు చేశారు, ఏ రేడియో డీజే వినిపించారు, ఏ చిన్న హాలు పిలిచింది. ఎక్కువ సమయం ఈ దారుల మీదే పెట్టండి.

ముందు యాప్ పని చూద్దాం, అది తొందరగా అయిపోతుంది.

2015 జులై 10 నుంచి ప్రపంచమంతటా కొత్త ఆల్బంలు శుక్రవారమే విడుదలవుతున్నాయి. అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం వచ్చేవి. స్ట్రీమింగ్ యాప్‌లలో చాలావరకు మన గడియారం ప్రకారం గురువారం అర్ధరాత్రి దాటగానే కనిపిస్తాయి. కొన్ని మాత్రం న్యూయార్క్‌లో అర్ధరాత్రి అయ్యేదాకా రావు. అంటే మనకు, అమెరికాలో వేసవి గడియారం నడిచే నెలల్లో ఉదయం 9:30, చలికాలంలో 10:30. కాబట్టి శుక్రవారం తెల్లారగానే వెతికి లేదనుకోకండి, మధ్యాహ్నం తర్వాత చూడండి.

స్పాటిఫైలో రిలీజ్ రాడార్ శుక్రవారమే మారుతుంది. ఇది సుమారు 30 పాటల జాబితా, మామూలుగా ఒక కళాకారుడికి ఒక్క పాటే. ఇది మీరు ఫాలో అవుతున్నవాళ్లనూ, ఎక్కువగా వింటున్నవాళ్లనూ చూసి తయారవుతుంది. పాటకు లైక్ కొట్టడం వేరు, కళాకారుడి పేజీలో ఫాలో నొక్కడం వేరు. ఏడాదికి రెండు పాటలు తెచ్చే చిన్న గాయని విషయంలో ఆ ఫాలో బటనే మీకు ఆధారం, ఎందుకంటే ఆమె పాటలు వినడంలో మధ్య మధ్య చాలా ఎడం వస్తుంది.

తెలుగు శ్రోతలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మన సినిమా పాటకు సంగీత దర్శకుడు, ఇద్దరు ముగ్గురు గాయకులు, తరచుగా గీత రచయిత కూడా కళాకారులుగా నమోదవుతారు. వాళ్లలో ఏ ఒక్కరిని ఫాలో అవుతున్నా ఆ పాట మీ రాడార్‌లోకి వచ్చేస్తుంది. తెలుగు, తమిళ, హిందీ సింగిల్స్ (విడిపాటలు) వారం పొడవునా వస్తూనే ఉంటాయి కాబట్టి 30 పాటల జాబితాలో బాంజో మోగే ఫోక్ పాటకు చోటు మిగలదు. ఇంట్లో అదే ఖాతాలో పిల్లల రైమ్స్, పొద్దున్నే సుప్రభాతం కూడా మోగుతుంటే ఇక చెప్పేదేముంది. సినిమా వాళ్లను ఫాలో జాబితాలోంచి తీసేసి, వాళ్ల పాటలు మామూలు ప్లేలిస్టులో పెట్టుకోండి. ఆ ప్లేలిస్టు మెనూలోకి వెళ్లి, దాన్ని మీ అభిరుచి లెక్కలోంచి మినహాయించే ఆప్షన్ నొక్కండి. పిల్లలకు ఫోన్ ఇచ్చేటప్పుడు ప్రైవేట్ సెషన్ పెట్టండి. అది కొన్ని గంటలకు దానంతట అదే ఆగిపోతుంది, మళ్లీ పెట్టుకోవాల్సి ఉంటుంది. వీలైతే ఫ్యామిలీ ప్లాన్‌లో వేరే ఖాతా తీసుకోవడం అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి.

స్పాటిఫై సెర్చ్ పెట్టెలో చాలామంది వాడని సౌకర్యం ఒకటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ట్యాగ్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా న్యూ అని రాస్తే గత రెండు వారాల్లో వచ్చిన ఆల్బంలే వస్తాయి. న్యూ బదులు హిప్‌స్టర్ అని రాస్తే ఆదరణలో అట్టడుగు 10 శాతంలో ఉన్న ఆల్బంలు వస్తాయి. అలాగే లేబుల్ అని రాసి, కోలన్ పెట్టి, కొటేషన్ గుర్తుల మధ్య ఆ లేబుల్ పేరు రాస్తే దాని విడుదలలు వస్తాయి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, ట్యాగ్‌తో పాటు జానర్ (సంగీత రకం) కూడా కలిపి రాయడం. ట్యాగ్ ఆల్బంలకు వర్తిస్తుంది, జానర్ కళాకారులకూ పాటలకూ వర్తిస్తుంది, అందుకే రెండూ కలిపితే ఫలితాలు ఖాళీగా వస్తాయి. విడివిడిగా వాడండి, ఫలితాల్లో ఆల్బంల ట్యాబ్ చూడండి.

స్పాటిఫై వాడనివాళ్లకు, లేదా దాని మీదే ఆధారపడటం ఇష్టం లేనివాళ్లకు లిసెన్‌బ్రెయిన్జ్ అనే ఉచిత సేవలో తాజా విడుదలల పేజీ ఉంది. ఒకప్పుడు జానర్ వారీగా కొత్త విడుదలలు చూపించిన ఎవ్రీ నాయిస్ అట్ వన్స్‌ను పాత వ్యాసాలు ఇంకా సూచిస్తుంటాయి. దాన్ని నడిపిన ఇంజినీరును 2023 డిసెంబరులో స్పాటిఫై తొలగించింది, ఆ తర్వాత కొత్త సమాచారం చేరడం ఆగిపోయింది. దాని మీద సమయం పెట్టకండి.

బ్యాండ్‌క్యాంప్

అసలు వెతుకులాట ఇక్కడే. 2008లో మొదలైన ఈ సైటులో కళాకారుడు తన పేజీ తానే పెట్టుకుని, ధర తానే నిర్ణయించుకుని, నేరుగా అమ్ముకుంటాడు. డిజిటల్ అమ్మకాల మీద సైటు 15 శాతం, వినైల్ ప్లేట్లు, టీషర్టుల వంటి వస్తువుల మీద 10 శాతం తీసుకుంటుంది. పేమెంట్ సంస్థ రుసుము దీనికి అదనం. మిగతాదంతా కళాకారుడిది. పేజీ నడిపేది కళాకారుడే కాబట్టి ఆల్బం వివరాలు కూడా స్ట్రీమింగ్ యాప్‌లలో కంటే చాలా నయంగా ఉంటాయి.

డిస్కవర్ పేజీలో ఫోక్ ఎంచుకున్నాక రెండు వరసలు దొరుకుతాయి, కొత్తగా వచ్చినవి, ఎక్కువగా అమ్ముడైనవి. కొత్తవి అని నొక్కితే ప్రపంచంలో ఆ గంటలో ఎవరేం అప్‌లోడ్ చేసినా అన్నీ వస్తాయి, ఫోన్లో రికార్డు చేసిన డెమోలతో సహా. పదిహేను నిమిషాల్లో విసుగొస్తుంది. ఎక్కువగా అమ్ముడైనవి అని నొక్కితే మళ్లీ పెద్ద పేర్లే. ఈ రెంటికీ మధ్య దారి ఊరు. జానర్‌తో పాటు ఒక ఊరిని ఎంచుకుని, అప్పుడు ఎక్కువగా అమ్ముడైనవి చూడండి. ఒక మోస్తరు ఊళ్లో కొద్దిమంది కొన్నా ఆ ఆల్బం పై వరసకు వస్తుంది, పైగా ఆ కొన్నవాళ్లు డబ్బులు పెట్టి కొన్నారు కాబట్టి నాసిరకం చాలావరకు వడకట్టుకుపోతుంది. నార్త్ కరోలినాలో ఆష్‌విల్, డరమ్, కెంటకీలో లూయీవిల్, టెన్నెసీలో నాష్‌విల్, ఒరెగాన్‌లో పోర్ట్‌లాండ్, స్కాట్లాండ్‌లో గ్లాస్గో, ఈ ఆరింటితో మొదలుపెట్టండి. వారానికి రెండు ఊళ్లు చాలు.

ట్యాగులు కళాకారులే పెట్టుకుంటారు, అందుకే అమెరికానా అన్న ఒక్క ట్యాగ్ మీదే ఆగితే సగం పోతాయి. అసలు అమెరికానా అన్నది కంట్రీ, ఫోక్, బ్లూస్, బ్లూగ్రాస్, గాస్పెల్ కలిసిన చోటుకు రేడియో వాళ్లు పెట్టుకున్న పేరు. గావిన్ పత్రిక ఆ పేరుతో మొదటి చార్టు వేసింది 1995లో. అప్పలాచియా కొండల ఫిడిల్ పాటలు పాడేవాళ్లు ఓల్డ్ టైమ్ అని పెట్టుకుంటారు, ఎలక్ట్రిక్ గిటార్ గట్టిగా ఉంటే ఆల్ట్ కంట్రీ అంటారు, పాట లేకుండా స్టీలు తీగల గిటార్ మీద వేళ్లతో వాయించేవాళ్లు అమెరికన్ ప్రిమిటివ్ అంటారు. ఈ మూడూ విడిగా వెతకండి. చివరిదాంట్లో ఏటా మంచి ఆల్బంలు వస్తుంటాయి, మాటలుండవు కాబట్టి యాస అర్థం కాదన్న బెంగ కూడా లేదు.

ఇక బ్యాండ్‌క్యాంప్‌లో అన్నిటికంటే పనికొచ్చేది ఆల్బం పేజీలో కనిపించే కొనుగోలుదారుల చిన్న బొమ్మలు. మీకు బాగా నచ్చిన, పెద్దగా ఎవరికీ తెలియని ఆల్బం ఒకటి తెరవండి. కొన్నవాళ్లలో కొందరు ఒక వాక్యం రాసి ఉంటారు. అలా రాసినవాళ్ల బొమ్మ నొక్కితే వాళ్లు కొన్న ఆల్బంలన్నీ కనిపిస్తాయి. అందులో మీకు నచ్చినవి మూడో నాలుగో ఉంటే వాళ్లను ఫాలో అవండి. ఇక వాళ్లు ఏది కొన్నా మీ ఫీడ్‌లో కనిపిస్తుంది. ఇలాంటివాళ్లు పదిమంది దొరికితే ఏ ప్లేలిస్టూ వాళ్లకు సాటి రాదు. వేల ఆల్బంలు కొన్నవాళ్లను మాత్రం ఫాలో అవకండి, వాళ్ల ఫీడ్ వరదలా వచ్చి మిగతావాళ్లను ముంచేస్తుంది.

కళాకారుడినిగానీ లేబుల్‌నుగానీ ఫాలో అయితే కొత్త విడుదల రాగానే ఈమెయిల్ వస్తుంది. జీమెయిల్ దాన్ని ప్రమోషన్స్‌లోకి తోసేస్తే మీకు తెలియనే తెలియదు. బ్యాండ్‌క్యాంప్ నుంచి వచ్చే మెయిల్స్‌కు ఫిల్టర్ పెట్టి, ఒక జీమెయిల్ లేబుల్ (గుర్తు) తగిలించి, ఇన్‌బాక్స్‌లోనే ఉండేలా చేయండి. రెండు నిమిషాల పని.

పేర్ల వెంట నడవడం

కొత్త మనుషులను పట్టుకోవడానికి నేను అన్నిటికంటే పైన పెట్టేది ఈ పద్ధతి. ఒక ఆల్బం నచ్చితే గాయకుడి పేరు దగ్గర ఆగకండి, అందులో పనిచేసిన వాళ్లందరి పేర్లూ చదవండి. నిర్మాత (రికార్డింగ్‌ను తీర్చిదిద్దే ప్రొడ్యూసర్), గిటార్, పెడల్ స్టీల్ (ఒక రకం గిటార్), ఫిడిల్, వెనక గొంతు, స్టూడియో, లేబుల్.

ఉదాహరణకు లూయీవిల్‌కు చెందిన జోన్ షెల్లీని తీసుకోండి. ఆమె ఆల్బంలలో గిటార్ వాయించే నేథన్ సాల్స్‌బర్గ్ సొంతంగా కూడా ఆల్బంలు తెస్తారు, పైగా జానపద సేకర్త ఆలన్ లోమాక్స్ భాండాగారాన్ని చూసుకుంటారు. ఆమె 2019, 2022 ఆల్బంలకు నిర్మాత షికాగోలో ఉండే జేమ్స్ ఎల్కింగ్టన్. ఎల్కింగ్టన్ పేరు పట్టుకుంటే డరమ్‌లో ఉండే జేక్ జర్క్సీజ్ ఫస్సెల్ దొరుకుతారు, ఆయన 2022, 2024 ఆల్బంలకూ ఎల్కింగ్టనే నిర్మాత. ఫస్సెల్ ఎక్కువగా పాడేవి పాత జానపదాలకు తాను కట్టుకున్న కొత్త రూపాలు. ఆయన మొదటి ఆల్బం 2015లో ప్యారడైజ్ ఆఫ్ బ్యాచిలర్స్ అనే చిన్న లేబుల్ తెచ్చింది, నిర్మాత నాష్‌విల్ గిటారిస్టు విలియం టైలర్. టైలర్ అంతకుముందు లాంబ్‌చాప్ బృందంలో వాయించేవారు, ఆ బృందం మర్జ్ రికార్డ్స్ ద్వారా వచ్చింది. ఒక్క గాయని నుంచి బయల్దేరితే ఇద్దరు గిటారిస్టులు, ఒక నిర్మాత, ఒక జానపద గాయకుడు, రెండు లేబుళ్లు చేతికొచ్చాయి. వీళ్లలో ప్రతి ఒక్కరినీ ఫాలో అయితే వాళ్లు పనిచేసే తర్వాతి కొత్తవాళ్లు మీకు దారిలోనే కనిపిస్తారు.

స్టూడియో కూడా అంతే. ఆష్‌విల్‌లో డ్రాప్ ఆఫ్ సన్ స్టూడియో నుంచి వెన్స్‌డే బృందం, అందులోనే గిటార్ వాయించిన ఎంజే లెండర్‌మన్ ఆల్బంలు వచ్చాయి. లెండర్‌మన్ 2024లో వాక్సహాచీ అనే గాయని ఆల్బంలో వాయించి, పాడారు. దాని నిర్మాత బ్రాడ్ కుక్, ఆయనే హుర్రే ఫర్ ద రిఫ్ రాఫ్ అనే బృందం ఆల్బంలకూ నిర్మాత. నిర్మాతలు ఒక పెద్ద పేరు, రెండు చిన్న పేర్లు అన్నట్టు పనిచేస్తుంటారు. ఆ చిన్న పేర్లే మీకు కావాల్సినవి.

ఈ వివరాలు స్పాటిఫైలో పాట పక్కనున్న మూడు చుక్కల్లో క్రెడిట్స్ అని ఉంటాయి గానీ, అక్కడ డిస్ట్రిబ్యూటర్ (పాటను యాప్‌లకు చేర్చే సంస్థ) ఇచ్చినంతే కనిపిస్తుంది. సొంతంగా విడుదల చేసుకునేవాళ్లకు చాలాసార్లు రచయిత పేరు తప్ప ఏమీ ఉండదు. బ్యాండ్‌క్యాంప్ పేజీ కింది భాగం, లేదా ఆల్బంల వివరాలుండే డిస్కాగ్స్ సైటు చూడండి.

లేబుళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, చిన్న లేబుల్ అంటే ఒకరిద్దరు మనుషుల అభిరుచి. నో క్వార్టర్, ప్యారడైజ్ ఆఫ్ బ్యాచిలర్స్, టాంప్కిన్స్ స్క్వేర్, ఫ్రీ డర్ట్, సిగ్నేచర్ సౌండ్స్, జాన్ ప్రైన్ స్థాపించిన ఓ బాయ్, లండన్ నుంచి అమెరికానా తెచ్చే లూస్, 1939 నుంచి నడుస్తున్న బ్రిటిష్ జానపద లేబుల్ టాపిక్, ఇవి ఫోక్ వైపు చాలు. పాప్ వైపైతే స్లంబర్‌ల్యాండ్, పాలీవినైల్, క్యాప్చర్డ్ ట్రాక్స్, న్యూజీలాండ్ ఫ్లయింగ్ నన్. కళాకారులే పెట్టుకున్న లేబుళ్ల మీద కన్నేసి ఉంచండి. 1990లో ఆనీ డిఫ్రాంకో పెట్టిన రైచస్ బేబ్ అలాంటిది, అనాయిస్ మిచెల్ ఆల్బంలు అక్కడి నుంచి వచ్చాయి.

రేడియో, చార్టులు, పత్రికలు

ఇక్కడ మనిషి ఎంచి వినిపిస్తాడు, అదే విలువ. టెన్నెసీలోని డబ్ల్యూఎంఓటీ స్టేషన్ 2016 నుంచి అమెరికానా కోసమే నడుస్తోంది, ఇంటర్నెట్‌లో ఎక్కడి నుంచైనా వినొచ్చు. ఫోక్ ఆలీ అనే ఇంటర్నెట్ రేడియో 24 గంటలూ ఫోక్ మాత్రమే వినిపిస్తుంది. సియాటిల్ స్టేషన్ కేఈఎక్స్‌పీ పాప్, ఫోక్ రెంటికీ మంచిది. అయితే రేడియో పెట్టుకుని కూర్చోవడం కంటే వాళ్ల సైట్లలో ఉండే ప్లేలిస్టు పేజీ తెరిచి చదవడం త్వరగా అవుతుంది. మూడు గంటల షోను ఐదు నిమిషాల్లో చూసేయొచ్చు. తెలియని పేరు, ఈ ఏడాది ఆల్బం, ఈ రెండూ కలిసినవి రాసుకుంటే సరిపోతుంది.

అమెరికానా మ్యూజిక్ అసోసియేషన్ రేడియో చార్టు వారం వారం వస్తుంది. పై వరసలు వదిలేయండి, అక్కడ అందరికీ తెలిసినవాళ్లే నెలల తరబడి ఉంటారు. ఆ వారం ఎక్కువ స్టేషన్లు కొత్తగా చేర్చుకున్న ఆల్బంల భాగం చూడండి. ఫోక్ సంగీత సంఘమైన ఫోక్ అలయన్స్ ఇంటర్నేషనల్ నెలవారీ చార్టు తీరు వేరు. చాలా స్టేషన్ల ఫోక్ డీజేలు పంపే ప్లేలిస్టుల నుంచి దాన్ని లెక్కిస్తారు, అందుకే సొంతంగా అచ్చు వేసుకున్న ఆల్బంలు కూడా పై స్థానాల్లో కనిపిస్తాయి. రెంటిలో ఒక్కటే చూసే తీరిక ఉంటే ఇదే చూడండి. యూరప్ డీజేలు ఓటు వేసే యూరో అమెరికానా చార్టులో అమెరికా పత్రికలు పట్టించుకోని అమెరికన్లు దొరుకుతారు.

చదవడానికైతే నో డిప్రెషన్. 1995లో పత్రికగా మొదలై, 2008లో అచ్చు ఆపి, 2015లో మళ్లీ అచ్చులోకి వచ్చింది. బ్రిటన్ వైపు, ఒకప్పటి ఫోక్ రేడియో యూకే ఇప్పుడు క్లోఫ్ మ్యాగ్ పేరుతో నడుస్తోంది. ఆ సైటులో కొత్త ఆల్బంల సమీక్షలు చాలా శ్రద్ధగా ఉంటాయి. బ్లూగ్రాస్, దాని చుట్టుపక్కల సంగీతానికి ద బ్లూగ్రాస్ సిచువేషన్ సైటు. డిసెంబరు రెండో వారం నుంచి జనవరి మధ్యదాకా కొత్త విడుదలలు బాగా తగ్గిపోతాయి. ఆ రోజుల్లో వార్షిక జాబితాలు చదవండి. పత్రిక ఉమ్మడి జాబితా కంటే అందులో రాసే ఒక్కొక్కరి సొంత జాబితా మేలు, అదీ పదో స్థానం నుంచి కిందికి.

వేదికల జాబితాలు మరో దారి. నాష్‌విల్‌లో సెప్టెంబరులో జరిగే అమెరికానాఫెస్ట్, ఫోక్ అలయన్స్ సదస్సు ముందుగానే కళాకారుల జాబితా ప్రకటిస్తాయి. టెక్సస్‌లో 1972 నుంచి జరుగుతున్న కెర్‌విల్ ఫోక్ ఫెస్టివల్‌లో న్యూ ఫోక్ అనే పాటల పోటీ ఉంది. నాన్సీ గ్రిఫిత్, స్టీవ్ ఎర్ల్, లైల్ లోవెట్ లాంటివాళ్లు మొదట్లో ఆ పోటీ వేదిక మీద పాడినవాళ్లే. ఏటా తుది పోటీకి ఎంపికైనవాళ్ల పేర్లు ప్రకటిస్తారు, అందరినీ ఒక్క సాయంత్రంలో వినేయొచ్చు. అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్ నడిపే టైనీ డెస్క్ పోటీకి పంపినవాళ్ల వీడియోలు యూట్యూబ్‌లో ఉంటాయి. గెలిచినవాళ్లను అందరూ చూస్తారు, మీరు జ్యూరీ సభ్యులు మెచ్చుకుని ప్రత్యేకంగా చెప్పిన మిగతావాళ్లను చూడండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇంకా సులువు. బర్క్‌లీలో ఫ్రైట్ అండ్ సాల్వేజ్, డాలస్‌లో పూర్ డేవిడ్స్ పబ్, అట్లాంటా పక్కన డెకటూర్‌లో ఎడ్డీస్ ఆటిక్, షికాగోలో ఓల్డ్ టౌన్ స్కూల్, బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్‌లో క్లబ్ పాసిమ్, ఇవన్నీ మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లకు దగ్గర్లోనే ఉన్న చిన్న హాళ్లు. హైదరాబాద్‌లో కూర్చుని కూడా వాళ్ల క్యాలెండర్ చదవొచ్చు. ముఖ్య గాయకుడి పేరు కింద చిన్న అక్షరాల్లో ముందు పాడేవాళ్ల పేరుంటుంది. ఆ పేరును చాలాసార్లు ముఖ్య గాయకుడో, హాలు నిర్వాహకులో ఎంచుతారు, అందుకే నమ్మదగ్గది.

(మన జానపదాలకు ఈ పద్ధతి ఇలాగే పనికిరాదు. తెలంగాణ, ఆంధ్ర జానపద పాటలు ముందు యూట్యూబ్ ఛానళ్లలోనే వస్తాయి. అక్కడ ఛానల్ గంట నొక్కడం, వీడియో కింద రాసిన వాద్యకారుల పేర్ల వెంట వెళ్లడం తప్ప వేరే చార్టు, లేబుల్ దారులు పెద్దగా లేవు.)

నకిలీలు

ఈమధ్య ఇది అన్నిటికంటే పెద్ద తలనొప్పి అయింది, ఫోక్‌ను మరీ ఎక్కువగా పట్టుకుంది. గిటార్, ఒక గొంతు, నెమ్మది పాట, యంత్రంతో తయారు చేయడానికి ఇది తేలిగ్గా కనిపిస్తుంది. 2025 వేసవిలో ద వెల్వెట్ సన్‌డౌన్ అనే బృందం స్పాటిఫైలో నెలకు పది లక్షలకు పైగా శ్రోతలను తెచ్చుకుంది. తర్వాత అది ఏఐతో చేసినదని వాళ్లే ఒప్పుకున్నారు. అంతకంటే దారుణం, నిజమైన మనుషుల పేజీల్లోకి నకిలీలు చేరడం. అదే ఏడాది బ్రిటిష్ జానపద గాయని ఎమిలీ పోర్ట్‌మన్ పేజీలో ఆమెకు సంబంధం లేని ఆల్బం ఒకటి వచ్చింది. 1989లోనే చనిపోయిన టెక్సస్ గాయకుడు బ్లేజ్ ఫోలీ పేజీలో కొత్త పాట వచ్చింది. డిస్ట్రిబ్యూటర్ ద్వారా పంపేటప్పుడు ఏ కళాకారుడి పేజీకి చేర్చాలో పంపేవాళ్లే చెబుతారు, అక్కడ గట్టి తనిఖీ లేకపోవడమే దీనికి కారణం. ఒకే పేరున్న ఇద్దరి పాటలు ఒకే పేజీలో కలిసిపోవడానికీ కారణం ఇదే.

కాబట్టి స్ట్రీమింగ్‌లో కొత్త పేరు కనిపిస్తే మూడు విషయాలు చూడండి. ఎప్పుడైనా ఎక్కడైనా వేదిక ఎక్కిన జాడ, అంటే పాత కచేరీ తేదీలో, ప్రేక్షకులు తీసిన వీడియోనో ఉందా. ఆల్బంలో వాయించిన వాళ్ల పేర్లున్నాయా, ఆ పేర్లు వేరే ఆల్బంలలో కనిపిస్తాయా. ఆర్నెల్లలో మూడు నాలుగు ఆల్బంలు వచ్చాయా. చివరిదానికి అవును, మొదటి రెంటికీ లేదు అని వస్తే వదిలేయండి. తెలిసిన కళాకారుడి పేజీలో అనుమానంగా ఏదైనా వస్తే వాళ్ల సొంత సైటుతో సరిచూడండి. పూర్తిగా గానీ, ఎక్కువ భాగం గానీ ఏఐతో చేసిన సంగీతాన్ని ఒప్పుకోమని బ్యాండ్‌క్యాంప్ 2026 జనవరిలో ప్రకటించింది. డీజర్ అనే స్ట్రీమింగ్ యాప్ అలాంటి ఆల్బంలకు గుర్తు వేస్తోంది.

తక్కువ ప్రమాదమైనా విసిగించే తికమక ఇంకొకటి: పాత ఆల్బంను రీమాస్టర్ చేసి (ధ్వనిని మెరుగుపరిచి) వదిలినా కొత్త విడుదలల్లోనే కనిపిస్తుంది. అలాగే ఇండీ కళాకారులు ఆల్బంకు ముందు రెండు మూడు నెలల పాటు ఒక్కొక్క సింగిల్ వదులుతారు, ప్రతిసారీ రాడార్‌లోకి రావడానికి. మీరు ఆ సింగిల్స్ విని, విన్నదే కదా అని ఆల్బంను దాటేస్తారు. ఆల్బం వచ్చాక సింగిల్‌గా రాని రెండు పాటలు, వీలైతే నాలుగోదీ చివరిదీ వినండి. ప్లేలిస్టుల్లో పడటానికి ఎంచిన పాట ఆ మనిషి గురించి తక్కువ చెబుతుంది.

సమయం, డబ్బు

వారానికి గంట చాలు. శుక్రవారం సాయంత్రం ఇరవై నిమిషాలు మెయిల్స్, రాడార్, రెండు ఊళ్ల బ్యాండ్‌క్యాంప్ పేజీలు, ఒక రేడియో ప్లేలిస్టు చూసి పది పన్నెండు పేర్లు రాసుకోండి, అప్పుడు వినకండి. శని, ఆదివారాల్లో నలభై నిమిషాలు ఒక్కోదాంట్లో రెండు పాటలు వినండి. నచ్చినవి రెండో మూడో మిగులుతాయి, వాటిని మాత్రం మొత్తంగా వినండి, వాయించినవాళ్ల పేర్లు చదవండి. ఏరడం, వినడం ఒకేసారి చేస్తే ప్రతి పాటనూ ఇరవై సెకన్లలో కొట్టేసే అలవాటు పడుతుంది. నెమ్మదిగా తెరుచుకునే ఈ సంగీతం ఆ ఇరవై సెకన్లలో చేతికి రాదు.

నచ్చినవి కొనండి. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటను 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినకపోతే దానికి రాయల్టీయే లెక్కకు రాదు. చిన్న కళాకారుల పాటలు చాలా ఆ గీత కిందే ఉంటాయి. బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ ఆల్బం మామూలుగా 7 నుంచి 10 డాలర్లు. మన డెబిట్, క్రెడిట్ కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట ఆపి ఉంటాయి, 2020 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ నియమం అది. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌కు వెళ్లి ఆన్‌లైన్ అంతర్జాతీయ వాడకాన్ని ఆన్ చేసి, పరిమితి తక్కువగా పెట్టుకోండి. చెల్లింపు విఫలమైందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. చాలా కార్డులకు 2 నుంచి 3.5 శాతం విదేశీ మారకపు రుసుము, దాని మీద జీఎస్టీ పడతాయి. వినైల్ ప్లేటు తెప్పించాలంటే ప్లేటు ధర కంటే రవాణా ఎక్కువ కావచ్చు, దిగుమతి సుంకం వేరే. డిజిటల్‌తో సరిపెట్టుకుని అదే డబ్బుతో మూడు ఆల్బంలు కొనడం మేలని నా అభిప్రాయం.

కొనాలనుకున్నవి విష్‌లిస్టులో పెట్టుకుని బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజు కొనండి. 2020 మార్చిలో మొదలైన ఈ పద్ధతిలో, ముందే ప్రకటించిన కొన్ని శుక్రవారాల్లో సైటు తన వాటా వదులుకుంటుంది. అది కాలిఫోర్నియా గడియారం ప్రకారం నడుస్తుంది కాబట్టి మనకు, అక్కడ వేసవి గడియారం నడిచే నెలల్లో శుక్రవారం మధ్యాహ్నం 12:30 నుంచి శనివారం మధ్యాహ్నం 12:30 వరకు, చలికాలంలో 1:30 నుంచి 1:30 వరకు. శుక్రవారం పొద్దున్నే కొంటే ఆ వాటా మామూలుగానే కోతపడుతుంది. కొన్న వెంటనే ఫ్లాక్ (నాణ్యత తగ్గని) ఫైలు దించుకుని హార్డ్ డిస్కులో పెట్టుకోండి, కారులో, ఫోన్లో వినడానికి 320 కేబీపీఎస్ ఎంపీ3 సరిపోతుంది.